మేలుకొని విన్న మాట

మా అత్త పగటిపూట కునుకు తీసేముందు కుడికాలి బొటనవేలు ఆడిస్తూ ఉండేది. వేసవి సెలవుల్లో సౌకార్‌పేటలోని వాళ్లింటికి వెళ్లినప్పుడు, మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఆమె పక్కనే చాప మీద పడుకునేదాన్ని. కింద వీధిలో తోపుడుబండ్ల వాళ్లు దారి ఇమ్మని అరుస్తుండేవారు. కిటికీలోంచి ఇంగువ, ఎండుమిరప ఘాటు వచ్చేది. అంత గోలలోనూ నా ధ్యాసంతా నా పిక్కకు ఆని కదులుతున్న ఆ వేలి మీదే ఉండేది. కదిలేది, ఆగేది, మళ్లీ కదిలేది.

“ఎందుకత్తా అట్టా ఆడిస్తా ఉంటావు?” అని ఒకరోజు అడిగాను. అప్పుడు నాకు తొమ్మిదేళ్లుంటాయి.

“కదలతా ఉందా లేదా అని చూసుకుంటా పాపా.”

“కదలకుండా ఎందుకుంటుంది?”

అత్త ఎండ పడుతోందని కొంగు మొహం మీదికి లాక్కుని, వెంటనే తీసేసింది. మొహం మీద ఏ గుడ్డ ఉన్నా ఆమె ఓర్చుకోలేకపోయేది.

అత్త మా నాన్నకు చెల్లెలు. మాది తొండియార్‌పేట. ముత్తాతల కాలంలోనే నెల్లూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. తాత హార్బరులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యాడు. తాతకూ అవ్వకూ ముగ్గురు పిల్లలు. నాన్న, అత్త, చివరివాడు చిన్నాయన. చిన్నాయనను నేను చూడలేదు. పదిహేడేళ్లప్పుడు కబడ్డీ ఆడుతూ పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక సరిచేసి కట్టు కట్టడానికి ఆసుపత్రికి నడిచి వెళ్లాడు. మత్తు ఇచ్చారు. మళ్లీ లేవలేదు. “మత్తు సూది పడలే” అనేవాళ్లు ఇంట్లో. ఆ ముక్కతో ఆ కథ అయిపోయేది. ముందుగదిలో గోడకు ఆయన ఫోటో ఉండేది, చొక్కా పైగుండీ దాకా పెట్టుకుని, నవ్వాలా వద్దా అన్నట్టు.

అవ్వ మాత్రం కథ అయిపోయిందని ఒప్పుకునేది కాదు. మిట్టమధ్యాహ్నం వీధిగుమ్మం వైపు చూసి, “వచ్చినాడు, నిలబడుకోనుండాడు” అనేది. మామూలు గొంతుతోనే అనేది, పాలవాడు వచ్చాడని చెప్పినట్టు. మేము పిల్లలం ఆ వేళకు గుమ్మం వైపు వెళ్లేవాళ్లం కాము. అమ్మ అన్నం పెడుతూ ఉంటే వీపు గుమ్మానికి పెట్టి కూర్చోవాలంటే నాకు ఒళ్లు జలదరించేది.

చిన్నాయన పోయిన తొమ్మిదేళ్లకు అత్తకు అపెండిసైటిస్ వచ్చింది. ఇంటికి దగ్గర్లోనే ఒక చిన్న నర్సింగ్‌హోములో ఆపరేషన్ చేశారు. నాకు ఐదారేళ్లు. ఆ రోజు గురించి నాకు గుర్తున్నదల్లా ఇంటి నిండా చెప్పులు, ఎవరూ నాకు అన్నం పెట్టకపోవడం. అత్తకు కూడా మెలకువ రాలేదని కబురొచ్చిందట. నాలుగు గంటలకు పైగా అట్లానే ఉండి, తర్వాత లేచింది. లేచాక, “నాకు అంతా తెలస్తానే ఉండింది, మీరు మాట్లాడేది ఇన్నా” అంది. ఎవరూ నమ్మలేదు. అందరికంటే గట్టిగా నమ్మననింది అవ్వ. “మత్తులో కలలొస్తాయి. అంతా కలే” అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ పనిగట్టుకుని చెప్పింది. ఆ తర్వాత అత్త దీపం లేకుండా పడుకోలేకపోతుంటే, వెల్లకిలా పడుకోమంటే ఏడుస్తుంటే, ఏదో సోకిందని తాయెత్తు కట్టించారు.

నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడు అత్త నాకు అసలు సంగతి చెప్పింది. చింతపండు గింజలు తీస్తూ, తలెత్తకుండా చెప్పింది.

“ముందు కత్తెర్లు పళ్లెంలో పడే చప్పుడు ఇనిపించింది. అయిపోయిందిలే అనుకున్నా. కళ్లు తెరుద్దామంటే రెప్ప లేవలే. ఊపిరి పీలుద్దామంటే నా చేతిలో లేదు. ఎవురో నా రొమ్ములోకి గాలి కొడతా ఉండారు. వాళ్లు కొడితే పోతాది, ఆపితే ఆగిపోతాది. చచ్చిపోయినానేమో, చావంటే ఇట్టానే ఉంటాదేమో అనుకున్నా. అప్పుడు మీ అవ్వని లోపలికి రానిచ్చినారు.”

చేతులు ఆగాయి.

“చెవికాడికి వొంగి, ‘నువ్వు గూడా వాడికాడికే పోతాండావా తల్లీ? పో. నేను అడ్డం పడను. పో’ అనింది. నా నెత్తి నిమిరి మరీ అనింది. నేను లోపల్నించి అరస్తా ఉండా. అమ్మా, నేను ఈడ్నే ఉండా, పోను అని. ఒక్క వెంట్రుక గూడా కదల్లే.”

అవ్వ బయటికి వెళ్లాక అత్త కంటి కొసలోంచి నీళ్లు కారాయట. గాలి కొడుతున్న మత్తు డాక్టరు అది చూశాడు. పెద్దాయన. దూదితో తుడిచి, తమిళంలో, “బయప్పడాదమ్మా, నాన్ ఇంగే దాన్ ఇరుక్కేన్” అన్నాడు. భయపడకు, నేను ఇక్కడే ఉన్నాను అని. తర్వాత మళ్లీ నిద్రపట్టే మందు ఇచ్చాడు కాబోలు, ఆమెకు ఇంకేమీ తెలియలేదు. ఆయన చేత్తో గాలి సంచీ నొక్కుతూ సాయంత్రం దాకా కూర్చున్నాడని నర్సు తర్వాత చెప్పింది.

“అవ్వని అడగలేదా అత్తా, ఎందుకట్టా అన్నావని?”

“అడిగితే కల అంటాది. అంటే నేనేం చేసేది? నువ్వు ఎవురికీ చెప్పబాక.”

నేను చెప్పలేదు. కానీ అప్పటినుంచి అవ్వ నా నెత్తి నిమిరితే మెడ బిగుసుకునేది.

వైద్య కళాశాలలో ఫిజియాలజీ చదువుతున్న రోజుల్లో, ఒక ఉదయం తరగతిలో మా ప్రొఫెసరమ్మ నరం నుంచి కండరానికి ఆజ్ఞ ఎలా అందుతుందో చెబుతున్నారు. ఆపరేషన్‌కు ముందు గొంతులోకి గొట్టం వేయడానికి కండరాలన్నీ సడలించే ఒక మందు ఇస్తారు. అది ఐదు నిమిషాల్లో విరిగిపోతుంది, ఎందుకంటే రక్తంలో కొలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని ముక్కలు చేస్తుంది. కొందరికి పుట్టుకతోనే ఆ ఎంజైము ఉండదు. వాళ్లలో ఆ మందు గంటల తరబడి అట్లాగే ఉంటుంది. కదల్లేరు, ఊపిరి తీసుకోలేరు. నిద్రమందు ముందే దిగిపోతే మెలకువగా ఉండి కూడా వేలు కదపలేరు. “ఎవరో ఒకరు ఊపిరి అందిస్తూ ఉంటే చాలు. మందు దానంతటదే దిగిపోతుంది, మనిషి ఏ లోపమూ లేకుండా లేస్తాడు” అన్నారు ఆమె. తర్వాత, ఆ లోపం ఏ కులంలో ఎక్కువగా కనిపిస్తుందో చెప్పారు. మా కులం పేరు. మాలో మాకే సంబంధాలు, మేనరికాలు. అవ్వ తాతకు సొంత మేనకోడలు.

చుట్టూ అందరూ రాసుకుంటున్నారు. నాకు ముందు అత్త గుర్తొచ్చింది. ఆ వెంటనే గోడ మీది ఫోటో గుర్తొచ్చింది. నాన్న ఎప్పుడో చెప్పాడు, చిన్నాయనకు “అరగంట నొక్కి చూసి, వదిలేసినారు” అని. ఎంతసేపు నొక్కాలో ఆ రోజు అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు నేను ఇంట్లో ఎవరితోనూ ఆ మాట ఎత్తలేదు. పెళ్లయింది, కూతురు పుట్టింది, షోళింగనల్లూరులో ఫ్లాటు తీసుకున్నాం, నేను అదే శాఖలో పాఠాలు చెప్పే స్థితికి వచ్చాను. తెలిసి కూడా ఎందుకు ఊరకున్నావని అడిగితే ఇప్పటికీ సూటిగా చెప్పలేను. అత్తది కల కాదని చెబితే, అవ్వ ఆ మాట అన్నట్టే. అత్త బతికింది సంచీ నొక్కడం వల్లే అని చెబితే, చిన్నాయన చచ్చింది నొక్కడం ఆపినందువల్లే. ఒకటి చెప్పి రెండోది దాచడం కుదరదు. అందుకని రెండూ దాచాను. కానీ పరిశోధనకు అంశం ఎంచుకోవలసి వచ్చినప్పుడు చెయ్యి దానంతటదే ఆ ఎంజైము పేరు రాసింది.

సౌకార్‌పేటలో మా వాళ్ల కల్యాణమంటపంలో రక్తం తీసుకునే ఏర్పాటు చేశాం. ఇష్టమున్నవాళ్లు సంతకం పెట్టి ఇవ్వాలి. పేరు ఒక కాగితం మీద, నంబరు గొట్టం మీద. మా ఇంటివాళ్లెవరినీ పిలవలేదు. రెండో రోజు పదకొండు గంటలకు అత్త మెట్లెక్కి వచ్చింది. అరవై ఏడేళ్ల మనిషి, ఆయాసపడుతూ కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది.

“నువ్వెందుకొచ్చినావత్తా?”

“అందురూ ఇస్తా ఉండారు. నాది మాత్రం రక్తం కాదా?” అంది. నా మొహం చూడకుండా, “ఇది దేనికో మీ మామ నోటీసు చదివి చెప్పినాడులే” అంది.

నేను తీయకుండా పక్క టెక్నీషియన్ చేత తీయించాను.

ఆ పరీక్ష చూడ్డానికి చాలా మామూలుగా ఉంటుంది. రక్తం పైన తేలే తేటను గొట్టంలో పోసి, రెండు మందులు కలిపి, గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పెడతాం. ఎంజైము ఉంటే నీరు కొద్ది నిమిషాల్లోనే పసుపుపచ్చగా తిరుగుతుంది. ఎంత పచ్చన అయితే అంత ఎంజైము. ఆ వరుసలో గొట్టాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి రంగు తిరిగాయి. అత్తది తిరగలేదు. మంచినీళ్లలా ఉంది. మందు కలపడం మరిచానేమోనని మళ్లీ చేశాను. మూడోసారి చేశాను. నా రక్తమూ పక్కన పెట్టాను. నాది లేత పసుపుకు వచ్చి ఆగిపోయింది. సగం. లేని సగం నాన్న నుంచి వచ్చింది. ఆ ఎంజైము లేకపోయినా మామూలు బతుకుకు ఏ లోటూ ఉండదు. తింటాం, తిరుగుతాం, పిల్లల్ని కంటాం. ఆ ఒక్క సూది మందు ఒంట్లోకి వస్తే తప్ప, అది లేదన్న సంగతే జీవితమంతా తెలియదు. ఎన్ని తరాలుగా మా ఒంట్లో ఇట్లా ఉందో, దాన్ని కనిపెట్టే మందు పుట్టేదాకా ఎవరికీ తెలిసే దారే లేదు.

ప్రాణానికి సంబంధించిన ఫలితం దాచకూడదని మా ప్రొఫెసరమ్మ నియమం. అప్పటికి ఆమె రిటైరై కూడా మాకు సలహాలు ఇస్తూనే ఉన్నారు. “మీ అత్తకు నువ్వు కాకపోతే ఇంకొకరు చెబుతారు. ఎవరు చెబితే బాగుంటుందో చూసుకో” అన్నారు.

ఆదివారం ఉదయం వెళ్లి చెప్పాను. బొమ్మ గీసి చెప్పాను. అత్త శ్రద్ధగా వింది.

“అంటే నేను మేలుకోనుండింది నిజమేనా?”

“నిజమే అత్తా.”

“అది రాసియ్యి.”

“రిపోర్టులో ఎంజైము లేదని మాత్రమే రాస్తారు. మెలకువగా ఉన్నావని రక్తం చెప్పదు కదా.”

“సరి” అంది. నలభై ఏళ్ల బరువు దిగిపోతుందనీ, ఏడుస్తుందనీ అనుకున్నాను. ఏమీ లేదు. చాలాసేపు వంటింటి గట్టు తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. తర్వాత అడిగింది.

“తమ్ముడిది గూడా ఇదేనా?”

“అయ్యుండొచ్చు.”

“వాడికి గూడా ఇనిపించిందా?”

ఇన్నేళ్లలో నేను ఈ ప్రశ్న వేసుకోలేదు. చిన్నాయన చావకుండా ఉండేవాడా అనే ఆలోచించాను కానీ, ఆ అరగంట ఆయన ఎక్కడున్నాడని ఆలోచించలేదు. నిద్రమందు ఎంత ఇచ్చారో, ఎప్పుడు దిగిందో, నాకు తెలిసిన శాస్త్రమంతా లోలోపల తిరగేశాను. గాలి ఆగిపోయాక స్పృహ ఎక్కువసేపు నిలవదు, అది మాత్రం ఖాయంగా చెప్పగలను. దానికి ముందు అరగంట గురించి ఏమీ చెప్పలేను.

“తెలీదత్తా” అన్నాను.

“ఆడ వాడికి ఎవురూ నేనుండానని చెప్పుండరు” అంది అత్త.

ఆ మాట నన్ను వెంటాడింది. తరగతిలో నరం, కండరం బొమ్మ బోర్డు మీద గీసిన ప్రతిసారీ, ఆ రెంటికీ మధ్య వదిలే సన్నటి ఖాళీ దగ్గర నా సుద్దముక్క ఆగిపోయేది. ఒకసారి ఎంతసేపు ఆగానో తెలియదు, ముందు బెంచీ అమ్మాయి “మేడమ్?” అని పిలిచింది. నాలుగు మాటల్లో దాటేసే చోటు అది. ఆ ఖాళీలో ఒక పదిహేడేళ్ల మనిషి పడుకుని వింటున్నాడనిపించేది.

ఇది జరిగిన కొన్ని నెలలకే అవ్వ స్నానాలగదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. నాన్న అప్పటికే లేడు. నేనూ అత్తా కలిసి ఆసుపత్రిలో చేర్చాం. అవ్వకు తొంభై దగ్గర పడుతున్నాయి. ఆపరేషన్ చేస్తేనే మళ్లీ కూర్చోగలదన్నారు. బతుకంతా ఆమెకు ఒక్కసారి కూడా మత్తు ఇవ్వలేదు, పురుళ్లన్నీ ఇంట్లోనే. ఆమె రక్తం నేనే తీసుకెళ్లి పరీక్ష చేశాను. గొట్టం చివరిదాకా మంచినీళ్లలానే ఉండిపోయింది. సగం కూడా లేదు.

అలాంటివాళ్ల కోసం మేము ఒక అట్ట కార్డు తయారుచేశాం. ఫలానా మందు ఈమెకు వాడకూడదని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. దాన్ని మత్తు డాక్టరుకు ఇచ్చాను. కుర్రవాడు, చదివి తలూపాడు. “నడుములో సూది ఇస్తాను. కింది సగమే మొద్దుబారుతుంది, ఆమె మాత్రం మెలకువగానే ఉంటారు” అన్నాడు. మెలకువ అనే మాట వినగానే అత్త గోడ పట్టుకుంది.

ఆపరేషన్ గదికి తీసుకెళ్లేముందు అవ్వను ఒక మంచం మీద పెట్టి, తెర వేసి మమ్మల్ని ఉండనిచ్చారు. అవ్వ నా చేతిలో కార్డు చూసింది.

“ఏందది?”

“మత్తు డాక్టరుకి చూపించేదవ్వా. నీ రక్తంలో ఒకటి తక్కువుంది. దానివల్ల ఒక సూది నీకు పడదు. అది ఇవ్వొద్దని రాసుంది.”

అవ్వ కళ్లు పైకప్పు మీద నిలిపింది. చదువుకోలేదు కానీ లెక్కలో ఎప్పుడూ వెనకపడిన మనిషి కాదు.

“వాళ్లిద్దురికీ అదేనా?”

నేను అత్త వైపు చూశాను. “ఆ” అన్నాను.

“అంటే నాకాణ్నించే పోయిందా.”

“నీ దగ్గర్నించీ, తాత దగ్గర్నించీ, ఇద్దరి దగ్గర్నించీ వస్తేనే అవ్వా.”

ఆమె అది వినిపించుకోలేదు. తల మెల్లిగా అత్త వైపు తిప్పింది.

“ఏమ్మే. అయితే అది కల గాదు.”

“గాదు” అంది అత్త.

“నేననింది ఇన్నావు.”

“ఇన్నా.”

తెర అవతల ఎవరో బండి తోసుకుపోతున్నారు. ఆ చప్పుడు పోయేదాకా అవ్వ ఆగింది.

“వాడు పోయేటప్పుడు మీదపడి పట్టుకున్నా. లెయ్యరా లెయ్యరా అని ఒకటే అరిసినా. ఆడ ఒక ఆయమ్మ అనింది, నువ్విట్టా పిలిస్తే వాడు పోలేడు, ఈడా ఉండలేడు అని. పోలేదు గదా. గుమ్మంలోనే నిలబడిపోయినాడు గదా, నేను చూస్తానే ఉండా గదా. నిన్ను గూడా అట్టా చెయ్యగూడదనుకున్నా. అందుకని పొమ్మన్నా.”

“నాకు పోవాలని లేదమ్మా” అంది అత్త. “నువ్వు పొమ్మంటే నేను ఏడికి పోయేది?”

అవ్వ చెయ్యి దుప్పటి కిందినుంచి బయటికి వచ్చింది. అత్త దాన్ని పట్టుకోలేదు, తోసెయ్యలేదు. మంచం అంచున ఇద్దరి చేతులూ పక్కపక్కన ఉండిపోయాయి. అప్పుడు అవ్వ నన్ను అడిగింది, నేను పాతికేళ్లకు పైగా తప్పించుకు తిరుగుతున్న ప్రశ్న.

“పాపా, దీనికి నొక్కినట్టు వాడికి గూడా నొక్కతా ఉండుంటే?”

ఫలితం దాచకూడదు. నా నియమం అదే, నాకు నేర్పిందీ అదే. నోరు తెరిచాను. నాకంటే ముందు అత్త సన్నటి గొంతుతో మాట్లాడింది.

“లేదమ్మా. వాడిది వేరే. వాడికి గుండె ఆగిపోయింది. ఎంత నొక్కినా అయ్యేది గాదు. ఇదే చెప్పింది మొన్న.” నన్ను చూపించింది.

అవ్వ నా మొహం చూసింది. నేను తల ఊపాను.

తన మాట ఎవరూ నమ్మలేదని నలభై ఏళ్లు కుమిలిన మనిషి, నిజం చేతికొచ్చిన ఆ గంటలోనే అబద్ధం చెప్పింది, అదీ తనను పొమ్మన్న తల్లి కోసం. నేను దానికి సాక్ష్యం పలికాను. తప్పు చేశాననిపించింది, అట్లా కాక ఇంకోలా చెయ్యగలనని కూడా అనిపించలేదు. ఆ రెండూ ఇప్పటికీ అట్లాగే ఉన్నాయి.

ఆపరేషన్ బాగానే జరిగింది. లోపల సుత్తితో కొట్టే చప్పుడంతా విన్నాననీ, డాక్టర్లు క్రికెట్ గురించి మాట్లాడుకున్నారనీ అవ్వ వార్డులో అందరికీ చెప్పింది. అత్త రోజూ ఆటో ఎక్కి వచ్చి, గంజి తాగించి వెళ్లేది. ఇద్దరూ ఎక్కువ మాట్లాడుకోలేదు. ఇంటికి తీసుకొచ్చాక అవ్వ మంచం ముందుగదిలో వేశాం. ఇప్పుడు ఆమెకు గుమ్మం ఎదురుగానే ఉంది. కానీ మధ్యాహ్నాలు గోడవైపు తిరిగి పడుకునేది. ఎవరొచ్చారనీ అనలేదు, రాలేదనీ అనలేదు. నాకు ఊరట కలగాలి కదా. కలగలేదు. ఇన్నాళ్లూ ఆమె ఒక్కతే చూస్తుందని గుమ్మం వైపు చూడని నేను, ఆమె చూడ్డం మానేశాక, వెళ్లినప్పుడల్లా అటు చూడ్డం మొదలుపెట్టాను. కంటెయినర్ లారీలు పోతుంటే గడప సన్నగా అదిరేది. ఎండ తప్ప ఏమీ కనిపించేది కాదు. అయినా చూసేదాన్ని.

ఒక రోజు నేనొక్కదాన్నే ఆమె దగ్గర ఉన్నాను. జుట్టుకు నూనె రాస్తున్నాను. పల్చటి తల, వేలి కింద పుర్రె తెలుస్తోంది.

“మీ అత్తకి అబద్ధం చెప్పడం రాదు” అంది అవ్వ. “చిన్నప్పట్నించీ రాదు. చెప్తే గొంతు చిన్నదైపోతాది.”

నా చెయ్యి ఆగిపోయింది. “అవ్వా” అన్నాను.

“చెప్పబాక. రాయి నూని.”

రాశాను. ఇంకేమీ అడగలేదు. ఆ వానాకాలం వెళ్లకముందే, ఒక తెల్లవారుజామున కాఫీ తాగి, గ్లాసు నా చేతికిచ్చి, ఆమె పోయింది. ఆ వేళ ఆమెకు ఎవరూ ఏ సూదీ వెయ్యలేదు. అత్త కాళ్ల దగ్గర కూర్చుంది. పో అనలేదు, ఉండు అనలేదు.

మా పరిశోధన పత్రంలో ఒక కుటుంబ పటం వెయ్యాల్సి వచ్చింది. మగవాళ్లకు చదరం, ఆడవాళ్లకు సున్నా. ఎంజైము అసలు లేనివాళ్లకు నలుపు నింపుతాం, సగం ఉన్నవాళ్లకు సగం. పోయినవాళ్ల మీద అడ్డగీత. పేర్లుండవు, అంకెలే. అవ్వది నలుపు, అత్తది నలుపు, నాది సగం. నా కూతురిది పరీక్ష చేయించాను, ఖాళీ సున్నా. చిన్నాయన చదరం దగ్గర పెన్సిలు పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. రక్తం లేదు, కాగితాలు లేవు, ఆ ఆసుపత్రి కూడా ఇప్పుడు లేదు. శాస్త్రం ప్రకారం నలుపు నింపే హక్కు నాకు లేదు. ఖాళీగా వదిలేస్తే ఏ లోపమూ లేదని అర్థం వస్తుంది. లోపల ప్రశ్నార్థకం పెట్టాను.

అచ్చయ్యాక అత్త చూస్తానంది, తీసుకెళ్లాను. కళ్లజోడు పెట్టుకుని, పటం మీద వేలు పెట్టి ఒక్కొక్కరినీ అడిగింది. ఇది మీ తాత, ఇది అవ్వ, ఇది నాన్న, ఇది నువ్వు అని చెప్పాను. గీతలు ఎందుకో చెప్పాను. తన సున్నా మీద గీత లేదని రెండుసార్లు చూసుకుంది. ఆ పక్కన ఉన్న చదరం దగ్గర వేలు ఆగింది.

“వీడేనా?”

“ఆ.”

“ఈ కొక్కెం ఏంది లోపల?”

“తెలీదని గుర్తు అత్తా.”

కాగితాన్ని కొంచెం దూరంగా పట్టి చూసింది, మళ్లీ దగ్గరికి తెచ్చుకుంది.

“తెలీకేం” అంది.